వస్తానన్న మాట

పాత నిలవ ఎంతో చెప్పాకే కొత్త సరుకు దించాలి. కాబట్టి ముందు పాతది.

నా చెల్లెలు దమయంతి దుగ్గిరాల నుంచి మాస్కోకి డాక్టరు చదువుకు వెళ్ళింది. తనతో చదివిన రష్యావాణ్ణే పెళ్ళి చేసుకుని, ఆ దేశపు పౌరసత్వం తీసుకుని అక్కడే ఉండిపోయింది. ఆమె వెనకాలే నేనూ వెళ్ళి పసుపు, టీ పొడి అమ్ముకుంటూ సగం వయసు ఆ మార్కెట్లోనే గడిపాను. యుద్ధం వచ్చాక దుకాణం ఎత్తేసి, నా భార్య మృదులతో టొరంటో చేరి, ఎటోబికోలో ఎయిర్‌పోర్టు పక్కన ఈ గోడౌన్ పెట్టాను. దమయంతి భర్త అప్పటికే పోయాడు. కొడుకు కిరీటి మిలిటరీ ఆసుపత్రిలో డాక్టరు. ఒక రోజు చెప్పా పెట్టకుండా నా దగ్గరికి వచ్చేశాడు. ఇక్కడ డాక్టరుగా పనిచేయడానికి లైసెన్సు లేదు. వర్క్ పర్మిట్ మీద నా గోడౌన్‌లో బస్తాలు సర్దుతున్నాడు.

వాడు అంతటితో ఊరుకుంటే ఈ కథ లేదు. మొన్న వేసవిలో ఇక్కడ ఒక సభలో లేచి నిలబడి, గాయాలు మానని కుర్రాళ్ళని మళ్ళీ యుద్ధానికి ఎలా పంపుతున్నారో తను కళ్ళారా చూసింది చెప్పాడు. ఆ వీడియో చేరవలసిన చోటికి చేరింది. అప్పటి నుంచి అక్కడ దమయంతిని పిలిచి కూర్చోబెడుతున్నారు. పాస్‌పోర్టు తీసేసుకున్నారు. కొడుకు తిరిగి వచ్చి, చెప్పింది అబద్ధమని కెమెరా ముందు ఒప్పుకుంటే ఆమెని వదిలేస్తారట. ఒప్పుకున్నాక వాణ్ణి ఏం చేస్తారన్నది ఎవరూ చెప్పరు. నేను చెప్పగలను. జైలు, లేదా యుద్ధం.

పోయిన వారం చివర గోడౌన్ షట్టర్ కింద నుంచి వంగి ఒక మనిషి లోపలికి వచ్చాడు. అతను గెన్నాదీ ల్వోవిచ్.

ఈ గెన్నాదీ మాస్కోలో నాకు లారీలు తిప్పినవాడు. ఇప్పుడు ఇక్కడే రిచ్‌మండ్ హిల్‌లో ఉంటూ పొద్దుతిరుగుడు నూనె తెప్పించి అమ్ముకుంటున్నాడు. ఎంత చెడ్డ చలికాలంలోనూ నా టీ పెట్టె ఒక్కటి తడవనివ్వలేదు. తూకంలో ఏనాడూ తేడా రాలేదు. అలాంటివాడి చేత చెడు కబురు పంపితే ఆ కబురుకి విలువ పెరుగుతుంది. పంపినవాళ్ళకి ఆ సంగతి తెలుసు.

"మీ కుర్చీలు ఇంకా మార్చలేదా భీమా రావిచ్? నడుం విరిగిపోతోంది," అన్నాడు కూర్చుంటూ. మేమిద్దరం మాట్లాడుకునేది రష్యన్‌లోనే. వాళ్ళలో పెద్దమనిషిని పిలవాలంటే పేరు పక్కన తండ్రి పేరు ఉండాలి. భీమారావు అనే నా పేరుని రెండు ముక్కలు చేసి మార్కెట్ వాళ్ళు నాకు రావు అనే తండ్రిని ఇచ్చారు.

"కొనేవాడు ఎక్కువసేపు కూర్చోకూడదనే ఈ కుర్చీలు," అన్నాను.

"నేను కొనడానికి రాలేదు."

"అయితే అమ్మడానికే. ఏం సరుకో చెప్పండి."

అతను చేతి తొడుగులు తీసి, బల్ల మీద ఉన్న కారం మచ్చుల పక్కన పెట్టాడు. మృదుల ముందు దుకాణంలోంచి తొంగి చూసింది.

"ఏవండీ, ఆయనకి టీ పెట్టనా? మీ మొహం చూస్తే పెట్టించేటట్టు లేదు."

"పెట్టు. చక్కెర కాస్త ఎక్కువ వెయ్యి."

"చక్కెర అన్నారు కదూ," అన్నాడు గెన్నాదీ. "మా భాషలోనూ దాదాపు అదే మాట. మీ మాటలు అనుకున్నంత దూరమేం కావు భీమా రావిచ్."

ఆ మాట అతను ఊరికే అనలేదని నాకు కాసేపటికి తెలిసింది.

"నన్ను ఎవరు పంపారని అడక్కండి," అన్నాడు. "మా అమ్మ అక్కడుంది. మా అన్నయ్య అక్కడున్నాడు. నేను రానంటే ఇంకొకణ్ణి పంపుతారు. వాడికి మీరు టీ కూడా ఇవ్వరు."

"మీకు ఇస్తున్నది కూడా మృదుల మొహం చూసి."

"ఇది వినండి." జేబులోంచి ఫోన్ తీసి బల్ల మీద పెట్టి నొక్కాడు.

కొంచెం గరగర. తరవాత నా చెల్లెలి గొంతు.

"తిన్నావా నాన్నా?"

"తిన్నానమ్మా. అత్తయ్య పప్పుచారు పెట్టింది."

"అక్కడ మంచు మొదలైందా?"

"మొదలైంది. అమ్మా, వస్తానమ్మా."

"వద్దు నాన్నా."

"వస్తా. వస్తానన్నాను కదా."

"వద్దు. కాసేపు మాట్లాడు. మామయ్యకి మోకాలి నొప్పి తగ్గిందా?"

గెన్నాదీ ఆపేశాడు. నా మోకాలి నొప్పి దాకా విన్నారన్నమాట వాళ్ళు. నా చెయ్యి దానంతటదే మోకాలి మీదికి పోయింది.

మాస్కో మార్కెట్లో తెలుగే మా ఇనప్పెట్టె. ఎదురుగా కొనుగోలుదారుని నిలబెట్టుకుని, వాడి చొక్కా మీద మరక గురించి మాట్లాడుకుంటున్నట్టు మొహం పెట్టి, ఎంత దాకా దిగొచ్చో దమయంతీ నేనూ తెలుగులో తేల్చుకునేవాళ్ళం. సెలవు రోజుల్లో ఆమె నా దుకాణంలో కూర్చునేది. ఆ ఊరి జనమంతా చుట్టూ ఉన్నా ఒక్కడికీ ఒక్క ముక్క అంతుపట్టేది కాదు. ఆ ధీమాతోనే తల్లీ కొడుకులు ఇన్నాళ్ళూ ఫోన్లో తెలుగు మాట్లాడుకుంటున్నారు. ఆ పెట్టెకి తాళం లేదని ఇప్పుడు తెలిసింది.

"మా భాష తెలిసినవాళ్ళు అక్కడ ఎవరున్నారు?" అని అడిగాను.

"యూనివర్సిటీలో నేర్చుకున్నవాళ్ళు ఎవరో ఉన్నారట. పుస్తకాల్లోంచి. మాట మాటకీ అర్థం రాసి ఇస్తారు. ప్రతి ఫోనులోనూ మీ అబ్బాయి వస్తాను, వస్తాను అంటున్నాడు. అందుకే వాళ్ళు ఇంతకాలం ఓపిక పట్టారు. దమయంతిని ఇంట్లో ఉండనిచ్చారు. ఇక ఓపిక లేదంటున్నారు. ఎప్పుడు వస్తాడో రోజు చెప్పాలట. లేకపోతే కొడుకు వీడియో నలుగురికి పంపిందని ఆమె మీద కేసు పెడతారు."

నాకు నవ్వు వచ్చింది. ఆ పరిస్థితిలో రాకూడని నవ్వు. టీ గ్లాసు ఎత్తి అడ్డం పెట్టుకున్నాను.

తెలుగువాడు ఎక్కడి నుంచి కదిలినా వస్తాననే అంటాడు. పోతాననడు. చిన్నప్పుడు బడికి బయల్దేరుతూ "పోతానమ్మా" అన్నందుకు మా అమ్మ నన్ను గడప దగ్గరే ఆపి, వెనక్కి రప్పించి, "వస్తా" అనిపించి పంపింది. దమయంతి చెయ్యి పట్టుకుని నా పక్కనే ఉంది. పెళ్ళికి వచ్చినవాడు వెళ్తూ వస్తానంటాడు, ఆసుపత్రిలో పరామర్శించినవాడు వస్తానంటాడు, నాకు సరుకు ఇవ్వనని తెగేసి చెప్పినవాడు కూడా మెట్లు దిగుతూ వస్తానంటాడు. ఎవరూ వాళ్ళ కోసం ఎదురుచూడరు. ఆ మాటని పుస్తకంలో వెతికి, పక్కన అర్థం రాసి, పై అధికారి బల్ల మీద పెట్టాడు ఎవడో మహానుభావుడు. ఆ తప్పు మీద నా చెల్లెలు ఇన్ని నెలలు తన ఇంట్లో తను నిద్రపోయింది.

నవ్వు అయిపోయాక లెక్క మొదలైంది.

తప్పు దిద్దితే ఏమిటి? "అయ్యా, అది సెలవు తీసుకునే మాట, వాడు రానే రాడు" అంటే గెన్నాదీ ఆ ముక్క పట్టుకెళ్ళి అటు చెబుతాడు. రేపటికి దమయంతి ఇంటి తలుపు తడతారు. దిద్దకపోతే? వాళ్ళ చేతిలో ఒక సరుకు ఉందని వాళ్ళు నమ్ముతున్నారు. ఆ సరుకు నిజానికి లేదు. లేని సరుకుకి ఎదుటివాడు ధర కట్టి కూర్చున్నాడు.

నేను బస్తాలో ఇసుక కలిపి అమ్మినవాణ్ణి కాను. తేమ ఉన్న పసుపుని ఎండిందని చెప్పి అంటగట్టలేదు. అలాగని నాకు తెలియదా ఎలా చేస్తారో? చేసేవాళ్ళ మధ్యే బతికాను. ఖాళీ బస్తా కుట్టి, నిండుగా ఉన్నట్టు నిలబెట్టి, మూతి విప్పకముందే చేతులు మార్చాలి. మార్చాక అక్కడ ఉండకూడదు. ఆ పూట, ఆ కుర్చీలో, నా చెల్లెలి కోసం ఆ పని చేయాలని తీర్మానించుకున్నాను.

"వాడు వస్తాడు," అన్నాను. "అన్న మాట అన్నాడు కదా. కానీ ముందు మా చెల్లెలు ఆ దేశం దాటాలి. వీసా అక్కర్లేని ఎరవాన్ చేరి, అక్కడి నుంచి ఆమె నాతో ఫోన్లో మాట్లాడాలి. ఆ తరవాతే కిరీటి విమానం ఎక్కుతాడు."

"సరుకు అందకముందే వదిలేయమంటున్నారు."

"మీరు లారీలు తిప్పినవారు. సగం దారిలో ఆగిన లారీకి ఎవరు బాధ్యులో మీకు తెలుసు. మా ఆడపిల్ల సగం దారిలో ఆగకూడదు."

"వాళ్ళు ఒప్పుకోరు."

"అడిగి చూడండి."

"వాళ్ళు మార్కెట్లో వ్యాపారులు కారు భీమా రావిచ్."

"బేరానికి మనిషిని పంపినవాళ్ళు వ్యాపారులే. చెప్పండి, మా చెల్లెల్ని అక్కడ ఉంచుకుని వాళ్ళకి ఏం ఒరుగుతుంది? కెమెరా ముందు కూర్చోవలసినవాడు వేరే ఉన్నాడు కదా."

ఈ చివరి మాట అన్నాక, వాడు కూర్చోడులే అని నాకు నేను చెప్పుకుని నీళ్ళు తాగాను.

గెన్నాదీ కోటు వేసుకుని బయట తన కారు దగ్గరికి వెళ్ళాడు. అద్దంలోంచి కనిపిస్తూనే ఉన్నాడు. మంచులో అటూ ఇటూ నడుస్తూ ఫోన్ చెవికి పెట్టుకుని ఎక్కువగా వింటున్నాడు, తక్కువగా మాట్లాడుతున్నాడు. పైన ఒక విమానం దిగుతూ పోయింది, షట్టర్ రేకులు అదిరాయి. మృదుల టీ గ్లాసులు తీసుకెళ్ళడానికి వచ్చింది.

"దమయంతి సంగతేనా?"

"ఊఁ."

"ఏమంటాడు?"

"బయటికి పంపించే ఏర్పాటు జరగొచ్చు."

ఆమె గ్లాసులు పట్టుకుని కదలలేదు. "ఊరికే పంపుతారా?"

"ఊరికే అన్నట్టే."

"మీరు సరుకు గురించి అన్నట్టే అన్నారంటే నాకు భయం," అని వెళ్ళిపోయింది.

గెన్నాదీ తిరిగి వచ్చాడు. భుజాల మీద మంచు దులుపుకోలేదు.

"ఒప్పుకున్నారు," అన్నాడు. అతని మొహంలో సంతోషం లేదు. "సోమవారం ఆమె పాస్‌పోర్టు ఇచ్చేస్తారు. బుధవారం పొద్దున ఎరవాన్ విమానం. ఆమె అక్కడ దిగి మీతో మాట్లాడాక, అదే రోజు ఇక్కడ మీ అబ్బాయి ఇస్తాంబుల్ విమానం ఎక్కాలి. అక్కడ వాళ్ళ మనిషి ఉంటాడు. ఒక షరతు. ఈ మాట అబ్బాయి తన నోటితో చెప్పాలి. తెలుగులో కాదు, రష్యన్‌లో. ఇప్పుడే, నా ఫోన్లో."

తెలుగులోనైతే వచ్చేవాడూ వస్తాననే అంటాడు, రానివాడూ వస్తాననే అంటాడు. రష్యన్‌లో అలా దాక్కోవడానికి చోటు లేదు. సెలవు తీసుకునే మాట వేరు, వచ్చే మాట వేరు. వాళ్ళ అనువాదకుడి మీద వాళ్ళకే ఎక్కడో అనుమానం తగిలి ఉండాలి.

కాదంటే బేరం చెడుతుంది. కేకేశాను.

కిరీటి వెనకవైపు జీలకర్ర బస్తాలు పేరుస్తున్నాడు. చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. మనిషి తండ్రిలా పొడుగు, రంగు దమయంతిది. గెన్నాదీని చూసి తల వంచి పలకరించాడు. ఎవరు, ఎందుకు అని అడగలేదు.

గెన్నాదీ ఫోన్ నిలబెట్టి రికార్డు నొక్కాడు. ఎర్ర చుక్క వెలిగింది. వాడికి బేరం సంగతి చెప్పడానికి నాకు సందు దొరకలేదు. తెలుగులో గుసగుసలాడదామంటే తెలుగు వినేవాళ్ళు అటు ఉన్నారు. ఇంగ్లీషు ఎదుటివాడికీ వచ్చు. నా దగ్గర ఉన్న భాషలన్నీ తెరిచి ఉన్న దుకాణాలే.

"కిరీటీ, ఈయన అడిగినదానికి నిదానంగా ఆలోచించి చెప్పు," అన్నాను తెలుగులో. ఎవరు విన్నా తప్పు పట్టలేని మాట అదొక్కటే దొరికింది.

"కిరీటి సెర్గేయెవిచ్, మీరు తిరిగి వస్తానని మీ అమ్మగారితో అన్నారు. అది నిజమేనా?" అని అడిగాడు గెన్నాదీ.

వాడు ఫోన్ వంక సూటిగా చూశాడు.

"నిజం," అన్నాడు రష్యన్‌లో. "నేను తిరిగి వస్తాను. అడిగింది కెమెరా ముందు చెబుతాను. కానీ మా అమ్మ ముందు దేశం దాటాలి. ఆమె బయటినుంచి నాతో మాట్లాడాక విమానం ఎక్కుతాను. అంతకుముందు ఎక్కను."

ఎర్ర చుక్క ఆరిపోయింది. గెన్నాదీ ఫోన్ జేబులో పెట్టుకుని, అది పంపించాలంటూ గుమ్మం వైపు నడిచి అటు తిరిగి నిలబడ్డాడు.

నాకు ఒళ్ళు పొంగింది. నేను ఒక్క ముక్క చెప్పకుండానే నా బేరాన్ని పొల్లుపోకుండా అందుకున్నాడు. డాక్టరు చదువు చదివినా రక్తంలో దుగ్గిరాల పసుపు యార్డు ఎక్కడికి పోతుంది అనుకున్నాను. దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేసి, గొంతు బాగా తగ్గించి, "భలే అల్లావురా. నేను చెప్పకుండానే ఎలా పట్టావు?" అన్నాను.

"ఏం పట్టడం మామయ్యా?"

"అదే, అమ్మ ముందు, నువ్వు తరవాత అన్నది."

వాడు అయోమయంగా చూశాడు. "అమ్మకి నేను చెప్తున్నది అదే కదా. రోజూ చెప్తున్నాను."

"ఏమని?"

"వస్తానని. నేను వస్తాను, నిన్ను వదిలేయమని అడుగు, అని. వాళ్ళు వింటున్నారని నాకు తెలుసు. వాళ్ళకి వినపడాలనే చెప్తున్నా."

"ఫోన్ పెట్టేసేటప్పుడు వస్తా అనడం..."

"పెట్టేసేటప్పుడు నేను ఉంటానంటాను మామయ్యా. ఎప్పుడూ ఉంటాననే అంటాను. ఫోన్లో ఎవరైనా ఉంటాననే కదా అంటారు." వాడి తెలుగులో ఎప్పుడూ ఒక చిన్న తడబాటు ఉంటుంది. ఇప్పుడు అది కూడా లేదు. "మీరు పక్క గదిలోనే ఉండేవారు. అమ్మ వద్దు, వద్దు అంటూనే ఉంది. స్పీకర్లో పెట్టేవాణ్ణి. మీకు వినపడలేదా?"

వినపడింది. ఇప్పుడు, ఈ బల్ల దగ్గర కూడా వినపడింది. ఫోన్ అప్పుడే పెట్టొద్దంటోంది అనుకున్నాను. తల్లి కదా, ఇంకాసేపు కొడుకు గొంతు వినాలని ఉంటుంది అనుకున్నాను. పుట్టిన దగ్గర్నుంచి ఆ భాష మాట్లాడుతున్నవాణ్ణి, ఇది నాకు కొత్తగా చెప్పేదేముందిలే అని సగం విని వదిలేశాను. పుస్తకం ముందు పెట్టుకుని మాట మాటకీ వెతుక్కున్నవాడు సరిగ్గా విన్నాడు.

ఖాళీ బస్తా అనుకుని కుట్టి అమ్మాను. లోపల మనిషి ఉన్నాడు.

"రా, ఇలా చూడు," అన్నాను. "నువ్వు వెళ్ళేది లేదు. అమ్మ ఎరవాన్ చేరుతుంది, నువ్వు ఇక్కడే ఉంటావు. నేను అంతవరకే బేరం చేశాను."

"అప్పుడు ఆయన ఏమవుతాడు?" కిరీటి గుమ్మం వైపు చూశాడు. గెన్నాదీ వీపు మాత్రం కనపడుతోంది. కోటు మీద మంచు కరిగి నీళ్ళు కారుతున్నాయి. "ఆయన వాళ్ళ అమ్మ అక్కడే ఉంది కదా. మనం మాట తప్పితే వాళ్ళు ఆవిణ్ణి పిలిచి కూర్చోబెడతారు. అమ్మకి బదులు ఇంకో అమ్మ."

ఈ పద్దు నేను వేసుకోలేదు. గెన్నాదీ కూర్చోగానే మా అమ్మ అక్కడుంది అన్నాడు. టీ గురించి హాస్యమాడుతూ దాన్ని దాటేశాను.

"నువ్వు చెప్పింది నిజంరా. ఆసుపత్రిలో చూసిందే చెప్పావు. అది అబద్ధమని నీ నోటితో ఎలా అంటావు?"

"చెప్పాల్సింది ఒకసారి చెప్పేశాను మామయ్యా. విన్నవాళ్ళు విన్నారు. ఇప్పుడు నేను కాదన్నంత మాత్రాన ఆ కుర్రాళ్ళకి గాయాలు మానవు, మానినట్టు ఎవరూ నమ్మరు." ఆగి, చేతులకంటుకున్న జీలకర్ర దుమ్ము చూసుకున్నాడు. "ఇక్కడ నేను ఎవరికీ ఏమీ చేయడం లేదు. అక్కడ ఒక్కరినైనా బయటికి తీయగలను."

నేను ఇంకేం చెప్పినా అది జవాబు కాదు, బేరమే అయి ఉండేది.

గెన్నాదీ వెనక్కి తిరిగాడు. "పంపాను. చేరింది," అన్నాడు. నా దగ్గరికి వచ్చి, మార్కెట్లో ప్రతి లోడుకీ చేసినట్టే, కుడిచెయ్యి చాచాడు. ఆ చెయ్యి పట్టుకుంటే మాట ముగిసినట్టు. మా ఇద్దరి మధ్యా ఇంతకాలం కాగితం అవసరం రాలేదు, ఆ చెయ్యి చాలింది.

నేను నా చెయ్యి బల్ల మీంచి తీయలేదు.

"మామయ్యా," అన్నాడు కిరీటి నెమ్మదిగా. "నా పాస్‌పోర్టు మీ బీరువాలో ఉంది. తాళం ఇవ్వండి."

గెన్నాదీ చెయ్యి అలాగే గాలిలో ఉంది. అతను మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. తెలుగు రాని మనిషికి కూడా ఏదో తిరగబడిందని అర్థమైంది. తాళంచెవుల గుత్తి నా జేబులో, తొడకి గుచ్చుకుంటోంది.

ముందు దుకాణం తలుపు తోసుకుని మృదుల వచ్చింది. ఆమె చేతిలో నా ఫోన్, ఇంకా లైన్లోనే ఉంది.

"దమయంతి," అంది. "ఏడుస్తోంది. కిరీటి ఇప్పుడేదో చెప్పాడట కదా, వాళ్ళు ఆమె ఎదురుగా కూర్చుని ఆమెకి వినిపించారట. మీతో మాట్లాడనంటోంది. వాడితోనూ మాట్లాడదట." ఆమె గెన్నాదీ వైపు తిరిగింది. "ఈయనకి ఇవ్వమంటోంది. తను ఆ విమానం ఎక్కనని ఈయనకే చెబుతుందట."